చేతులెత్తిన ఆదివారం

మంగళవారం మధ్యాహ్నం ఆఫీస్‌లో ఉండగా మా ఆవిడ ఫోన్ చేసింది. "మాస్టారు పోయారండీ. పొద్దున కాఫీ తాగుతూ కూర్చున్నవారు కూర్చున్నట్టే..." అని ఆగిపోయింది. ఫోన్ పెట్టేసి ముందు నా కుడిచెయ్యి వంక చూసుకున్నాను. ఎందుకో మీకు చెప్పుకోకపోతే నాకు నిద్రపట్టదు.

మాస్టారు గుంటూరులో కాలేజీ పిల్లలకు తత్వశాస్త్రం చెప్పి, ఎనభైల మొదట్లో అమెరికాలోని మా అరోరా ఊరికి వచ్చి ఫ్యాక్టరీలో సరుకు తనిఖీ చేసే పనిలో చేరారు. ఆదివారం ఆరాధన అయ్యాక, మేం అద్దెకు తీసుకున్న చర్చి బేస్‌మెంట్‌లో పెద్దవాళ్ళకు బైబిల్ క్లాసు చెప్పేవారు. చెప్పేవారనడం తప్పు, అడిగేవారు. జేబులో పెన్ను ఉండేది కానీ మూత తీయగా ఎవరూ చూడలేదు.

"ఇవన్నీ రాయండి మాస్టారూ" అంటే నవ్వేవారు.

"సోక్రటీస్ ఒక్క ముక్క రాశాడా? రెండువేల ఏళ్ళు దాటినా ఆయన పేరే చెప్పుకుంటున్నాం. వినేవాళ్ళుంటే చాలబ్బాయ్."

ఆయనకు సోక్రటీస్ మాస్టారని పేరు పెట్టింది నేనే. గౌరవంతో కాదు, వెనకాల నవ్వుకోవడానికి.

ఒక ఆదివారం ఆయన అడిగారు. "ప్రభువు ముందు అందరం ఒకటేనని ఇప్పుడే పాడాం కదా. మరి పిల్లల సంబంధాలకి ఫోన్ చేసినప్పుడు 'మీరేవిట్లండీ' అంటూ కులం ఎందుకు ఆరా తీస్తున్నాం?"

మరుసటి వారం సంఘ పెద్ద ఒకాయన మీటింగ్ పెట్టారు. మాస్టార్ని బయట కూర్చోమని, "ఈ క్లాస్ స్టాప్ చేద్దాం. యూనిటీ దెబ్బతింటోంది. సరేనన్నవాళ్ళు చేతులెత్తండి" అన్నారు. మా చెల్లెలికి సంబంధం చూస్తున్నది ఆ పెద్దాయనే. మాస్టారు అడిగింది నిజమని తెలిసే నేను చెయ్యెత్తాను.

ఆ రోజు నా కార్ స్టార్ట్ కాకపోతే మాస్టారే ఇంటి దగ్గర దించారు. దారిలో, "ప్రశ్నలతో విసిగించాడని సోక్రటీస్‌కి విషమివ్వమని ఓటేసినవాళ్ళు వందలమంది. వాళ్ళలో ఒక్కడి పేరైనా నీకు తెలుసా?" అన్నారు. నేను కిటికీలోంచి మంచు చూస్తూ కూర్చున్నాను. నా సంగతి తెలిసి అన్నారో, తెలియక అన్నారో. అడగడానికి నాలుగేళ్ళు గడువు దొరికింది, పిరికివాణ్ణి, అడగలేదు. మా చెల్లి పెళ్ళికి అందరికంటే ముందొచ్చి కుర్చీలు వేసింది ఆయనే.

శుక్రవారం భూస్థాపన కూడికలో ఆ పెద్దాయనే లేచి, "మన సోక్రటీస్ మాస్టారు" అంటూ కళ్ళు తుడుచుకున్నారు. నేను వెటకారానికి పెట్టిన పేరు అందరి నోటా గౌరవంగా నిలిచిపోయింది. "ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్ళంతా చేతులెత్తండి" అన్నారు. ఆ రోజు లేచిన చేతులే మళ్ళీ లేచాయి.

పక్కనున్న మా అమ్మాయి నా మోచేతిని పొడిచింది. "డాడీ, నువ్వు అంకుల్ క్లాస్‌కి వెళ్ళావ్ కదా? మరి హ్యాండ్ ఎందుకు రెయిజ్ చెయ్యవ్?"

అచ్చం మాస్టారు అడిగినట్టే ఉంది. సిగ్గుతో చెయ్యి మోకాలి మీదే ఉండిపోయింది. ఎదురుగా తెరిచిన పెట్టెలో, మాస్టారి చొక్కా జేబులో, మూత తీయని ఆ పెన్ను.