మందు తాగితే లేచే ఊరు

జయరావు చేసిన ఆటలో నేను నలభైసార్లయినా చచ్చి ఉంటాను. అందులో ముప్పైసార్లు తప్పు నాది కాదు, ఆటది. ఆ మాట అలాగే ఆయన పెట్టిన అభిప్రాయాల పుస్తకంలో రాశాను. ఉన్నదున్నట్టు రాయమన్నది ఆయనే.

అది రెండువేల నాలుగు. నేను డిగ్రీ రెండో ఏడాదిలో మానేసి, ఇంట్లో మాత్రం కాలేజీకని చెప్పి, బ్రాడీపేటలో షాజాదీ ఆంటీ నడిపే గేముల సెంటర్లో కూర్చునేవాణ్ణి. ఆరు కంప్యూటర్లు, ఒక ఫ్యాను. జయరావు అక్కడికి రెండు లైన్ల అవతల డీటీపీ షాపులో పనిచేసేవాడు. ముప్పై రెండేళ్ళు, పెళ్ళి కాలేదు, మనిషి ఎండుపుల్ల. రోజంతా ఊళ్ళోవాళ్ళ శుభలేఖలు, చర్చి కరపత్రాలు కంపోజ్ చేసేవాడు. అచ్చుతప్పులు పడి పారేసిన శుభలేఖల వెనక తన ఆట బొమ్మలు గీసుకునేవాడు. ఒకవైపు పెళ్ళికొడుకు చదువు, రెండోవైపు రెక్కల పురుగులు.

ప్రోగ్రామింగ్ ఆయనకు ఎవరూ నేర్పలేదు. పాత పుస్తకం ఒకటి కొనుక్కుని నాలుగేళ్ళు కుస్తీ పట్టాడు. ఆదివారం చర్చి నుంచి నేరుగా సెంటరుకొచ్చి, మూల కంప్యూటర్లో సీడీ వేసి, పక్కన ఒక లాంగ్ నోట్‌బుక్ పెట్టేవాడు. అట్ట మీద ‘ఆడినవాళ్ళ అభిప్రాయాలు. మొహమాటం వద్దు’ అని ఉండేది.

హైదరాబాదులో ఒక గేముల కంపెనీవాళ్ళు డిసెంబరు పదో తారీఖున రమ్మన్నారు. ఆట మొదట్నుంచి చివరిదాకా చూపించాలి, ఆడినవాళ్ళు ఏమన్నారో కూడా చూపించాలి. నచ్చితే ఉద్యోగం.

"ఈ వయసులో నన్ను ఇంకెవడు పిలుస్తాడురా కోటేషూ? ఇది పోతే ఇక చచ్చేదాకా శుభలేఖలే," అన్నాడు.

"నీ శుభలేఖ కూడా నువ్వే కొట్టుకుంటావా అన్నా?"

నవ్వాడు. ఆయన నవ్వగా నేను చూసింది తక్కువ.

ఆట కథ చిన్నదే. తెల్లపురుగుల రాణి ఏడూళ్ళను నిద్రపుచ్చింది. ఆడేవాడు వీరుడు. ఊరూరూ తిరిగి, పురుగుల కళ్ళల్లో మిరప్పొడి కొట్టి, పడుకున్నవాళ్ళ నోట్లో సీసాలోది పోసి లేపాలి. లేచినవాడు ఒక మాట అని మన వెనక నడుస్తాడు. ఒకడు ‘పొద్దెక్కిందా?’ అంటాడు, ఇంకొకడు ‘గేదెకి కుడితి పెట్టారా?’ అంటాడు. కత్తుల ఆటలు చాలా ఆడాను గానీ, గుప్పెడు కారంతో గెలిచే ఆట అదొక్కటే. కారం పడగానే రాణి తుమ్ముతుంది, తుమ్మినప్పుడల్లా ఒక రెక్క ఊడుతుంది. దాని కోసం మూల కంప్యూటర్ దగ్గర తోసుకునేవాళ్ళం.

పుస్తకంలో రాతలు కూడా అలాగే ఉండేవి. ‘వీరుడు కుంటుతున్నాడు, ఎముకల డాక్టరుకి చూపించండి.’ ‘మూడో ఊళ్ళో గోడలోంచి నడిచిపోవచ్చు, అలాంటి గోడ మా హాస్టల్‌కి కూడా కట్టు గురూ.’ షాజాదీ ఆంటీ ఒకరోజు ఆడి, ‘ఏడూళ్ళల్లో ఒక్క ఆడమనిషి లేవలేదేం? వంట ఎవరు చేస్తారు?’ అని రాసింది. జయరావు ఒక్కోటీ చదివి, మరుసటి ఆదివారానికి సరిచేసుకొచ్చేవాడు. వంట సంగతితో సహా.

ఒక్కటి మాత్రం సరిచేయలేదు. ఏడో ఊరు దాటాక పత్తిచేను వస్తుంది. గట్టు మీద నీలం గళ్ళ లుంగీ కట్టుకున్నవాడు పడుకుని ఉంటాడు. వాణ్ణి లేపితే ఆట పూర్తి. దగ్గరికి పోయి సీసా నొక్కుతాం. అంతే, స్క్రీను బిగుసుకుపోతుంది. కంప్యూటర్ ఆపి మళ్ళీ వెయ్యాల్సిందే. పుస్తకంలో పదకొండు మంది అదే రాశారు: చివర్లో హ్యాంగ్.

"అదొక్కటేరా మిగిలింది. చేసేస్తా," అనేవాడు. సెప్టెంబరు నుంచీ అదే మాట.

నవంబరులో నేను నా అభిప్రాయం రాశాను. నాకు ఆ హ్యాంగ్ కన్నా సీసా మీద మాట ఎక్కువ చిరాకు. ‘మందు తాగించు’ అని ఉండేది. ఇలా రాశాను: ‘అన్నా, నువ్వు ఏ దేశంలో పుట్టావు? మందంటే బ్రాడీపేటలో బ్రాందీ, పత్తి ఊళ్ళల్లో పురుగుమందు. మందు తాగి పడిపోయినవాళ్ళను చూశాం గానీ లేచినవాళ్ళను నువ్వెక్కడ చూశావు? కంపెనీవాళ్ళు నవ్విపోతారు. మాట మార్చు.’ కింద రెండు గీతలు కూడా గీశాను.

నిలబడే చదివాడు. పుస్తకం మూసి, టిఫిన్ బాక్సు కూడా మర్చిపోయి వెళ్ళిపోయాడు.

మరుసటి ఆదివారానికి సీసా మీద ‘తేనె తాగించు’ అని వచ్చింది. అదేమీ తేలిక పని కాదు. ఆ ప్రోగ్రాములో తెలుగక్షరాలు పడవు. ప్రతి మాటా షాపులో కంపోజ్ చేసి బొమ్మగా అతికించాలి. నూట పన్నెండు బొమ్మలు మార్చాడు. పత్తిచేలో ఒక్కచోట మాత్రం ‘మందు తాగించు’ అలాగే ఉంది.

"ఇదొకటి మర్చిపోయావన్నా."

"మర్చిపోలేదు. అది ఉండనీ."

"ఉండనీ ఏంది? అన్నిచోట్లా తేనె, ఇక్కడ మందా? తిక్కా నీకు?"

"నీ పని ఆడటం. ఆడు."

ఆ నెలాఖరు ఆదివారం వాళ్ళమ్మ ఆదెమ్మ గారు పొదిలి అవతల వాళ్ళ ఊరి నుంచి వచ్చింది. చర్చి అయ్యాక ఆమెను సెంటర్లో కూర్చోబెట్టి, జయరావు టీ తేవడానికి వెళ్ళాడు. నాకు హుషారెక్కువ కదా.

"మీ అబ్బాయి చేసిన ఆట చూస్తారా అమ్మా?" అని మొదలుపెట్టాను.

కారం కొడుతుంటే, "అట్టా పారబోస్తావేందయ్యా, కోసినోళ్ళకి తెలుసుద్ది దాని మంట," అంది. ఒక్కొక్కడు లేచినప్పుడల్లా "స్తోత్రం" అని నవ్వింది. పత్తిచేను వచ్చాక నవ్వు ఆగింది. వేలు తెచ్చి స్క్రీను మీద పెట్టింది.

"ఈ లుంగీ మా ప్రభుది."

"ప్రభు ఎవరమ్మా?"

"నా చిన్నోడు. చేలో మందు తాగి పోయాడ్లే. ఆరేళ్ళయింది. ఆ ఏడు పురుగు పడి పత్తంతా పోయింది." కాసేపు చూసి అడిగింది. "అక్కడ ఏం రాసుందయ్యా? నాకు చదువు రాదు."

"తేనె అనమ్మా," అన్నాను.

"అయితే పొయ్యి. లేస్తాడేమో."

నొక్కాను. స్క్రీను బిగుసుకుపోయింది. ఆమె కళ్ళు ఆర్పకుండా చూస్తోంది.

"ఇంకా చెయ్యడం అయిపోలేదమ్మా," అన్నాను.

"కూర్చుంటాలే," అంది.

జయరావు టీ గ్లాసులతో వచ్చాడు. స్క్రీను చూశాడు, వాళ్ళమ్మను చూశాడు. గ్లాసులు కింద పెట్టి ప్లగ్గు పీకేశాడు. ఆమెను బస్సెక్కించి సాయంత్రం ఒక్కడే తిరిగొచ్చాడు. ఆయనే చెప్పాడు.

"ఫోను నాకే వచ్చిందిరా, షాపుకి. వాడికి వారం నుంచి జ్వరం. ఆరెంపీ డాక్టరు సీసా మందిచ్చాడు, మానకుండా తాగరా అని ముందురోజే చెప్పా. మా ఊరి పేరయ్య మామ పొదిలి ఎస్టీడీ నుంచి చేశాడు. లైనంతా గరగర. ‘ప్రభు మందు తాగాడు’ అన్నాడు. ‘మంచిది, పడుకోమను’ అన్నా. పెట్టేసి పనిలో పడ్డా. శుభలేఖలు అర్జెంటు. మర్నాటిదాకా పోలేదు."

నేను రెండు గీతలు గీసిన మాట అది.

"అందరినీ లేపావుగా అన్నా. వాణ్ణీ లేపు," అన్నాను.

"లేపే భాగం ఎప్పుడో రాశా. పనిచేస్తది. లేస్తాడు."

"మరి హ్యాంగ్?"

"నేనే పెట్టా. లేచినవాడు ఒక మాట అనాలి గదా. వాడు నన్నేమంటాడో నాకు రాయటం రాలేదు."

డిసెంబరు పదో తారీఖు పొద్దున్నే హైదరాబాదు రైలు దగ్గర నిలబడ్డాను. రైలెళ్ళిపోయింది, ఆయన రాలేదు. షాపుకెళ్తే కంపోజ్ చేసుకుంటున్నాడు.

"ఇవాళ పదో తారీఖన్నా."

"తెలుసు."

"ఏదో ఒకటి అనిపించి తీసుకెళ్ళొచ్చుగా. ‘అన్నా’ అనిపించినా చాలుగా."

కీబోర్డు మీద చేతులు ఆగాయి. "అట్టాగే పిలిచేవాడు," అన్నాడు. మళ్ళీ టైపు మొదలుపెట్టాడు.

తర్వాత ఏ ఆదివారమూ సెంటరుకి రాలేదు. సెంటర్లోనే వదిలేసిన సీడీ, పుస్తకం తిరిగిద్దామని రెండుసార్లు వెళ్ళాను. నీ దగ్గరే ఉంచుకోమన్నాడు. మరుసటి ఏడాది మా అక్క పెళ్ళి శుభలేఖలు ఆయనే కంపోజ్ చేశాడు. అవి తెచ్చుకోవడానికి వెళ్ళినప్పుడు బల్ల కింద పారేసిన కార్డుల కట్ట కనపడింది. ఆయన లోపల ప్రింటు తీస్తుంటే, ఒక్కోటీ తిప్పి చూశాను. అడుగుదాకా చూశాను. వెనక అన్నీ తెల్లగానే ఉన్నాయి.