మా మేనత్త పూర్వపక్షం

మొన్న పొద్దున్న నేను కాఫీ గ్లాసు పట్టుకుని హాల్లో కూర్చుంటే, సంస్కృతం ఎమ్మే చదువుతూ దాంతోపాటు తర్కం కూడా నేర్చుకుంటున్న మా మనవరాలు ఫోనులో పాఠం వింటూ, పొగ ఉన్నచోట నిప్పు ఉంటుంది, వంటింట్లోలాగ, అని వల్లిస్తూ వల్లిస్తూ ఆగిపోయి మా వంటింటివైపు చూసింది. అక్కడ గ్యాసుపొయ్యి మీద పాలు కాగుతున్నాయి, మంట నీలంగా ఉంది, పొగ మాత్రం మచ్చుకైనా లేదు. దాని మొహంలో కదిలిన ఆ సందేహం చూసి నాకు ప్రాణం లేచివచ్చింది గాని, అది ఎవర్నీ ఏమీ అడగకుండానే మళ్ళీ వల్లెవేతలో పడిపోయింది. అదేమిటే, అడగవేం అంటే, క్లాసులో అందరూ మ్యూట్‌లో ఉండాలిట, ప్రశ్నలేవైనా ఉంటే ఆఖర్న టైపు చెయ్యాలిట. నోరు మూసుకుని తర్కం నేర్చుకోవడం అనే మాట ఆ పూట నా డైరీలో రాసుకున్నాను, రాసుకున్న దగ్గర్నుంచీ మా మేనత్తే మనసులో మెదులుతోంది.

కొత్తపేట వైపు కాలవగట్టునున్న మా ఊళ్ళో మా పెదనాన్నగారు వీధి అరుగు మీద మగపిల్లలకి శాస్త్రపాఠం చెప్పేవారు. నాకు మాత్రం ఇంట్లోపల, గుమ్మం పక్కన కూర్చోబెట్టి కావ్యాలు చెప్పేరు. కావ్యం మీద వ్యాఖ్యానం చదువుతున్నప్పుడల్లా ఏదో ఒక తర్కం మాట కాలికి రాయిలా తగిలేది, అక్కడ ఆయన, అది నీకు అక్కర్లేదులే అమ్మా, అని దాటించేసేవారు. అక్కర్లేదన్న ఆ మాటే నాలో పట్టుదల పెంచింది. తర్కం చెప్పమని అడిగితే మా అమ్మ లోపల్నుంచి, కావ్యం చదివిన పిల్లకి సంబంధాలొస్తాయిగాని తర్కం చదివిన పిల్లకి వచ్చినవి కూడా వెనక్కిపోతాయని కేకేసింది.

పెదనాన్నగారు కాదనలేదు. ఆయన చెప్పిన అడ్డు వేరు. తర్కానికి పాఠంతో సరిపోదు, పాఠం అయ్యాక చింతన ఉండాలి. అంటే ఇద్దరిద్దరు ఎదురెదురుగా కూర్చుని, ఒకడు పాఠంలో మాట నిలబెడితే రెండోవాడు దాన్ని పడగొట్టడానికి చూడాలి. ఆ పడగొట్టే మాటనే పూర్వపక్షం అంటారు. దానికి జవాబు చెప్పలేనివాడికి తరవాతి పాఠం లేదు, ఆ అరుగు మీద అది కట్టుబాటు. ఆ రోజుల్లో ఆడపిల్ల ఎదురుగా కూర్చుని వాదించడానికి ఏ కుర్రాడినీ వాళ్ళింట్లో ఒప్పుకోరు. అంచేత ఆయన, ధనుర్మాసం వెళ్ళేలోగా నీకు ఎదురు కూర్చునే మనిషిని తెచ్చుకుని చింతన నిలబెట్టుకుంటే చెప్తాను, లేకపోతే కావ్యాలతో ఆపేద్దాం అన్నారు.

ఎవర్ని తేను? నాలుగు రోజులు ఆలోచించి, ఇంట్లోనే ఉన్న మా మేనత్తని అడిగాను. చిన్నప్పుడే పసుపుకుంకాలు పోగొట్టుకుని పుట్టింటికొచ్చేసిన ఆవిడకి అక్షరం ముక్క రాదు గాని, ఎవరేమన్నా కాదనడం పుట్టుకతో వచ్చిన విద్య. ఎండగా ఉందంటే, ఎండేవిటి మబ్బేస్తుంటే, అనేది. కూరలో ఉప్పెక్కువైందంటే అన్నం తక్కువ కలుపుకున్నావనేది. పొద్దస్తమానం ఊరికే చేసే పనిని పద్ధతిగా చెయ్యమంటే ఆవిడ ఉప్పొంగిపోయింది.

పెదనాన్నగారు మొదటి పాఠం చెప్పి, మా ఇద్దర్నీ అరుగు మీద ఎదురెదురుగా కూర్చోబెట్టిన రోజే నన్ను పట్టేసింది. కొండ మీద పొగ కనిపిస్తోంది కాబట్టి అక్కడ నిప్పుంది అని పెద్ద గొంతుతో మొదలెట్టానో లేదో, "కొండ నువ్వు చూసేవంటే? ఈ కోనసీమలో నీకు కొండెక్కడ దొరికింది?" అంది. అరుగు మీద కుర్రాళ్ళంతా గొల్లున నవ్వేరు. పెదనాన్నగారు నవ్వకుండా, ఆవిడ అడిగింది సబబే, కొండ తీసేసి కాలవ అవతలి తోట పెట్టుకో అన్నారు. ఆనాటినుంచీ మా ఇంటి తర్కంలో కొండ లేదు, కొబ్బరితోటే ఉంది.

ధనుర్మాసం నడుస్తోంది, తెల్లవారేసరికి కాలవ నిండా మంచు లేచేది. ఓ పొద్దున్న అత్తయ్య కాఫీ తాగుతూ, కాలవ మీద కూడా పొగ లేస్తోంది, నీళ్ళలో నిప్పుందా మరి, అంది. అది పొగ కాదు మంచు, కాబట్టి నేను చూపించిన కారణం అక్కడ లేనే లేదని మర్నాడు జవాబు పట్టుకెళ్ళాను. దూరంనుంచి రెండూ ఒకలాగే ఉంటే ఎలా తెలుస్తుందంది. దగ్గరికెళ్తే కళ్ళు మండుతాయి, వాసనేస్తుంది అన్నాను.

"దగ్గరికెళ్ళేక నిప్పే కనపడుతుంది కదే పిల్లా! ఇంక నీ తర్కం దేనికంట, పచ్చడి చేసుకోడానికా?"

పెదనాన్నగారు పుస్తకం మూసేసి, దీనికి సమాధానం చెప్పేకే తరవాతి పాఠం అన్నారు. రోజూ పొద్దున్నే ఏదో ఒకటి పట్టుకెళ్ళడం, ఆవిడ "అయితే ఏంటంట?" అని తీసిపారెయ్యడం, నేను వెనక్కి రావడం. నెల చివరికొచ్చేసింది, అమ్మ మొహంలో ఊరట కనిపిస్తోంది. అయినా సరే, ఆ అరుగు దిగేది లేదనే అనుకున్నాను.

అలాటి ఒక పొద్దున్నే, చింతనకని ఆవిడ ఎదురుగా కూర్చున్నానో లేదో, కాలవ అవతల, తెల్లగా పరుచుకున్న మంచుకి పైన, తోటలో మేం కొబ్బరికాయలు ఎండబెట్టుకునే అటక పక్కనుంచి నల్లగా ఓ పొగతీగ లేచింది. నేనింకా తల తిప్పేలోపే అత్తయ్య "డొక్కల పోగంటుకుందిరోయ్!" అని వీధి అదిరేలా అరిచి, గుమ్మంలో ఉన్న నీళ్ళబిందె చంకనేసుకుని వంతెన మీదికి పరిగెత్తింది. కుర్రాళ్ళూ, నాన్నా, పాలేర్లూ అందరూ వెనకే పరిగెత్తేరు. కాయల మీంచి ఒలిచి పోగేసిన ఎండు డొక్కలు సగం కాలిపోయినా, ఏడాదిపాటు అటక మీద ఎండబెట్టిన కురిడీ కాయలకి సెగ తగలకుండా ఆర్పేరు.

తడిసిన చీరతో, మొహమంతా మసితో ఆవిడ తిరిగొచ్చి అరుగు మీద చతికిలబడింది. అప్పుడు అందరి ముందూ అడిగాను. "అత్తయ్యా, దగ్గరికెళ్ళి నిప్పు చూసొచ్చేక బిందె తీసుకున్నావా, బిందె తీసుకునే బయల్దేరేవా?"

ఆవిడ నోరు తెరిచి, మళ్ళీ మూసింది. మా ఇంట్లో అంతకుముందు ఎన్నడూ జరగని వింత అది. వెళ్ళి చూసేదాకా ఆగితే అటక మిగలదు కాబట్టే తర్కం, అన్నాను నేను. పెదనాన్నగారు ఏమంటారోనని చూస్తుంటే ఆయనకన్నా ముందు అత్తయ్యే అందుకుంది. "అన్నయ్యా, దీనికి తరవాతి పాఠం చెప్పెయ్యి. నేను దీన్నింకా బోల్డు అడగాలి."

ఆ మధ్యాహ్నమే చెప్పేరు. అలా ఆవిడ పూర్వపక్షాల మీదే మెట్టు మెట్టుగా చదువుకుని, పరీక్షలు ప్యాసై, హైస్కూల్లో సంస్కృతం టీచరుగా చేరి రిటైరయ్యాను. తర్కం చెప్పమని నన్ను ఏ స్కూలూ అడగలేదు గాని, చెప్పే ముందు అవతలివాళ్ళు ఏమంటారోనని ఆలోచించుకోవడం మాత్రం నన్ను వదల్లేదు. అత్తయ్య కాలం చేసిన ఏడాది మా ఇంట్లో ఎవరేమన్నా అందరూ అవునవునంటూ ఉంటే, ఇల్లు బోసిపోవడమంటే ఏమిటో నాకప్పుడు తెలిసింది.

రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఆ అరుగు పోయింది. చలికాలం వస్తే కాలవ మీద మంచు ఇప్పటికీ అలాగే లేస్తుంది. కాదనేవాళ్ళకి ఈ రోజుల్లోనూ కొదవలేదు, ఫోను నిండా వాళ్ళే. కాదని, మర్నాడు మనం జవాబు తెస్తామని అరుగు మీద కూర్చుని ఎదురుచూసేవాళ్ళు, ఆ జవాబు నిలబడితే తమ నోటితోనే తరవాతి పాఠం చెప్పించేవాళ్ళు మాత్రం ఏరీ అనిపిస్తుంది.

ఇవాళ పాఠం అవ్వగానే మనవరాల్ని చెవుల్లోవి తీసేసి నా ఎదురుగా కూర్చోమన్నాను. పొగ ఉన్నచోట నిప్పుంటుంది, వంటింట్లోలాగ, అంది. మన వంటింట్లో పొగేదే అన్నాను. అది పొయ్యివైపు చూసి, నావైపు చూసి, ఇంకో ఉదాహరణ చెప్పబోయి ఆగి, "రేపు చెప్తాను, అమ్మమ్మా" అంది. సరే, రేపే చెప్పు అన్నాను. అదేం చెప్తుందో నాకు తెలీదు గాని, ఏం చెప్పినా "అయితే ఏంటంట?" అనడానికి నేను మాత్రం పెందలాడే లేవాలి.