డెల్మర్ ట్రక్కులో ఆర్లిస్ బిగించిన రేడియో

ఆర్లిస్ క్రాయ్‌చెక్‌కు నవ్వడం రాదని వాలెంటైన్ ఊళ్లో చాలామంది అనేవారు. అది అబద్ధం. ఆమె దుకాణంలో పదకొండేళ్లు కౌంటర్ దగ్గర పనిచేసినవాణ్ని, నాకు తెలుసు. డెల్మర్ టీజెన్ పేరు వినిపిస్తే మాత్రం ఆ మొహం గడ్డకట్టేది.

1983లో ఆమె భర్త గడ్డిమోపులు కట్టే యంత్రంలో చెయ్యి పోగొట్టుకున్నాడు. ఇల్లు గడవాలి. రేడియోలు విప్పి బిగించడం ఆమెకు చిన్నప్పటినుంచీ వచ్చిన పని. రైతుల సహకార సంఘం షెడ్డులో ట్రాక్టర్ల వైరింగుకు మనిషి కావాలని తెలిసి వెళ్లింది. అక్కడ పెత్తనం డెల్మర్‌ది. తొమ్మిది మంది మగవాళ్ల ముందు ఆమెను ఎగాదిగా చూసి, "చర్చి వంటగదిలో గిన్నెలు బోలెడున్నాయి, వెళ్లి అవి తోముకో" అన్నాడు. షెడ్డంతా గొల్లుమంది. ఆ తరువాత రెండేళ్లకు ఆమె మూతపడిన పాత పెట్రోలు బంకులో సొంత దుకాణం పెట్టింది. జిల్లాలో ఏ ట్రక్కులో రేడియో మూగపోయినా అక్కడికే వచ్చేది. డెల్మర్ ట్రక్కు తప్ప.

2005 జనవరిలో అదీ వచ్చింది.

క్రిస్మస్‌కు అతని భార్య లవోన్ ఉపగ్రహం నుంచి పాటలు పట్టే శాటిలైట్ రేడియో కొనిచ్చింది. ఊరికి దక్షిణంగా ఇసుక గుట్టల్లోకి దిగితే మామూలు రేడియోలో చిటపటలు తప్ప ఏమీ వినిపించవు. పశువుల ట్రెయిలరు లాగుతూ డెల్మర్ వారానికి నాలుగుసార్లు ఆ దారిన పోయేవాడు. రేడియోను తనే బిగించుకున్నాడు. పాట వెనక ఈగల మోతలాంటి రొద, యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ పెరిగేది. పైగా ఆ చలిలో ఒక రోజు బండి కదపకపోతే మర్నాటికి బ్యాటరీ చచ్చేది. మూడోసారి చచ్చినప్పుడు లవోన్ అల్టిమేటం ఇచ్చింది. ఆర్లిస్ దగ్గరికి నువ్వు తీసుకెళ్తావా, నేను తీసుకెళ్లనా అంది.

డెల్మర్ తలుపు తోసుకుని వచ్చి, మంచు బూట్లతోనే నేలంతా తొక్కుతూ నన్ను అడిగాడు. "ఆ అమ్మాయి ఉందా?"

"అమ్మాయి వయసు యాభై ఏడు" అని లోపలినుంచి ఆర్లిస్ గొంతు వినిపించింది. "బండి లోపల పెట్టు. బూట్లు తుడుచుకో."

డ్యాష్‌బోర్డు పలక ఊడదీసి, ట్రక్కుతోపాటు వచ్చిన స్టీరియోను బయటికి లాగి, కొత్త రేడియోకు కరెంటు ఇచ్చే వైరుకు టెస్ట్ ల్యాంప్ ఆనించింది. బండి తాళం ఆమె జేబులోనే ఉంది. అయినా దీపం వెలిగింది.

"ఇది ఎప్పుడూ కరెంటు ఉండే వైరు. బండి ఆపినా నీ రేడియో బ్యాటరీని తాగుతూనే ఉంది. రేడియోను దీనికి కలిపిన మహానుభావుడు ఎవరు?"

"అమ్మినవాడు అలాగే చెప్పాడు."

"అమ్మినవాడు ఇనుము మీది రంగు గీకకుండా ఎర్త్ వైరును స్క్రూ కింద దూర్చమని కూడా చెప్పాడా? ఆ ఈగల మోత దానివల్లే."

"పాఠాలు చెప్పడానికి పిలిచావా, పని చెయ్యడానికా?"

"నేను పిలవలేదు డెల్మర్. నువ్వే వచ్చావ్."

అతను తాళం కోసం చెయ్యి చాచాడు. డ్యాష్‌బోర్డు సగం ఊడి, వైర్లు బయటికి వేలాడుతున్నాయి. ఆమె తాళం ఇచ్చేసింది. "తీసుకుపో. ఇలాగే నడుపుకో" అంది. అతను కాసేపు వైర్లను చూసి, తాళం మళ్లీ సీటు మీదికి విసిరాడు.

"ఇరవై రెండేళ్ల కిందటి మాట ఇంకా పట్టుకుని వేలాడుతున్నావ్."

"టార్చి పట్టుకో" అంది ఆర్లిస్. "స్టీరియో మీద వెయ్యి, నా మొహం మీద కాదు."

ఆ స్టీరియోకు బయటి రేడియో వైరు గుచ్చుకునే రంధ్రమే లేదు. అందుకని స్టీరియో ఏంటెనా తీగ మధ్యలో అగ్గిపెట్టెంత పెట్టె ఒకటి కలిపింది. శాటిలైట్ రేడియో పాట దాని గుండా నేరుగా స్టీరియోలోకి పోతుంది. రేడియో కరెంటును తాళం తిప్పితేనే బతికే వైరుకు మార్చింది. రంగు గీకి, మెరిసే ఇనుము కనిపించాక ఎర్త్ వైరు బిగించింది. డెల్మర్ డ్యాష్‌బోర్డు కింద దాచిన శాటిలైట్ రేడియో చిన్న ఏంటెనాను తీసి, ఆకాశం కనిపించేలా టాపు మీద అతికించింది. రెండు గంటలు పట్టింది. చలికి అతను టార్చిని ఈ చేతినుంచి ఆ చేతికి మార్చుకుంటుంటే నేను కాఫీ తెచ్చాను. ఆమె చూసిన చూపుకు కప్పు వెనక్కి తీసుకుపోయాను.

డెల్మర్ బండిని వాకిట్లోకి తీసి యాక్సిలరేటర్ తొక్కాడు. పాట గాజులా స్వచ్ఛంగా పలికింది. ఈగ లేదు.

"ఈ మాత్రం దానికి రెండు గంటలా" అని వెళ్లిపోయాడు.

ఇక్కడితో ఆగితే బాగుండేది. తరువాతి వారం కేఫ్‌లో అతను చుట్టూ జనాన్ని పెట్టుకుని ఆ రేడియో తనే సరిచేసుకున్నానని చెప్పాడు. ఆర్లిస్ పలక ఊడదీసిందంతే, మిగతాదంతా తనకు తెలిసిన పనేనట. నేను విన్నాను. వచ్చి ఆమెకు చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది.

మర్నాడు పొద్దున టిఫిన్ల వేళ ఆమె గ్రీజు అంటిన చొక్కాతోనే కేఫ్‌లోకి నడిచింది, వెనకే నేనూ. గుడ్లు తింటున్న డెల్మర్ బల్ల ముందు నిలబడింది. పక్కన లవోన్ ఉంది.

"డెల్మర్, ఎర్త్ వైరు ఎక్కడ బిగించావ్?"

అతను నమలడం ఆపాడు.

"నువ్వే సరిచేశావంటగా. చెప్పు. ఏ స్క్రూకి?"

అతని మెడ, చెవులు ఎర్రబడ్డాయి. "పోయి నీ పని చూసుకో" అన్నాడు గాని, ఆ గొంతులో బలం లేదు. పళ్లెం నెట్టేసి లేచి పోయాడు. లవోన్ కోటు వేసుకుంటూ ఆర్లిస్ వైపు తిరిగింది.

"నేనే పంపాను ఆయన్ని, నీ పనితనం మీద నమ్మకంతో" అంది. "ఇంతమందిలో ఇలా చేస్తావనుకోలేదు."

ఆర్లిస్‌కు ఆ ఊళ్లో స్నేహితులు తక్కువ. ఆదివారం చర్చిలో పక్కన కూర్చునేది లవోన్ ఒక్కతే. ఆ తరువాత లవోన్ ఇంకో వరుసకు మారింది.

దుకాణానికి తిరిగి వచ్చేటప్పుడు, "వాడు అబద్ధమాడాడు" అని రెండుసార్లు అంది ఆర్లిస్, నేనేదో కాదన్నట్టు. ఆ రోజంతా ఒక ధాన్యం లారీ కింద పడుకుని పని చేసింది. మధ్యాహ్నం భోజనానికి కూడా పైకి రాలేదు.