అడుగంటే ముందు శబ్దం

చెవుల మేస్త్రి అని పేరు పడ్డాక ఆయన అసలు పేరు కట్టుకున్న భార్య కూడా మరిచిపోయింది. రిమోటుతో నడిచే బుల్లి కార్లకు ఇంజను మొరాయిస్తే ఊళ్లో అందరూ ఆయన దగ్గరకే తెస్తారు. ఆయన వెంటనే విప్పడు. కళ్లు మూసుకుని వింటాడు. "ట్యాంకు మూత కింద రబ్బరు రింగు చిట్లింది" అంటాడు. విప్పి చూస్తే చిట్లే ఉంటుంది. ఆ చెవులంటే ఆయనకు కాస్త గర్వంగానే ఉండేది. ఏడాదిగా అవే చెవులు ఆయన్ని కాల్చుకు తింటున్నాయి.

కరెంటు ఎక్కువొచ్చి ఫ్యాను జోరందుకుంటే చాలు, కంచం ముందు నుంచి లేచిపోతాడు. పక్కింటి మిక్సీ గొంతు పెంచితే చెమటలు పడతాయి. "ఏం వినపడిందండీ?" అని భార్య అడిగితే "ఏం లేదులే" అంటాడు. ఏమీ లేకపోతే ముద్ద వదిలేసి ఎవరైనా వీధిలోకి వెళ్లి నిలబడతారా?

ఈ బుల్లి కార్ల ట్యాంకు టీ గ్లాసంత ఉంటుంది. అందులో పంపు ఉండదు. ఇంజను వదిలే పొగలో కొంత సన్నటి గొట్టంలోంచి వెనక్కి వచ్చి, ట్యాంకులోని ఇంధనాన్ని నొక్కుతుంది. ఆ నొక్కుడుకి ఇంధనం ఇంకో గొట్టం గుండా ఇంజనుకు చేరుతుంది. తన ఊపిరితో తనే బతుకుతుందన్నమాట. ఇంధనం అడుగంటితే గొట్టంలో గాలి బుడగలు పడతాయి. అప్పుడు ఇంజను నీరసించదు. ఉన్నట్టుండి గొంతు పెంచి పరుగు అందుకుంటుంది. కొత్తవాళ్లు చప్పట్లు కొడతారు. మేస్త్రి మాత్రం కసురుకుంటాడు. "సంబరపడకండయ్యా, అది అయిపోయేముందు అరుపు."

ఈ పిచ్చి ఆయనకు అంటించింది బావమరిది. పోటీల్లో అతను కారు నడిపేవాడు, ఈయన ట్యాంకు నింపేవాడు. "మా అక్కనిచ్చింది ఎందుకనుకున్నావు బావా, నాకు ట్యాంకు నింపిపెడతావనే" అని పదిమందిలో ఏడిపించేవాడు.

నిరుడు అతనికి గుండె జబ్బు ముదిరింది. నెల రోజులు మంచం దిగలేదు. దూరపు ఊళ్లో ఉద్యోగం చేస్తున్న అతని కూతురు, ఒక రోజు మధ్యాహ్నం బస్సుకు బయల్దేరడానికి సంచి సర్దుకుంది. అదే రోజు పొద్దున్నే బావమరిది తన కాళ్ల మీద తాను నడుచుకుంటూ షాపుకి వచ్చేశాడు. టీ చెప్పించాడు. తన కారు ట్యాంకు నిండా తనే పోసుకున్నాడు. పకపకా నవ్వుతూ సగం ట్యాంకు నడిపి, "మిగతాది రేపు బావా" అన్నాడు. మేస్త్రి ఆనందం పట్టలేక, అతను ఇంకా షాపులో ఉండగానే మేనకోడలికి ఫోను చేశాడు. "హడావిడి పడకు తల్లీ. మీ నాన్న గుర్రంలా ఉన్నాడు. ఆదివారం తాపీగా రా."

ఆ సాయంత్రమే ప్రాణం పోయింది. కూతురు వచ్చేసరికి మాట్లాడటానికి మనిషి లేడు.

నిలవున్న ఇంధనం ఇంజనును పాడుచేస్తుందని, ట్యాంకులో వదిలేసి పోయేవాళ్లకి మేస్త్రి చేత చీవాట్లు తప్పవు. కానీ బావమరిది కారు మాత్రం ఆ సగం ట్యాంకుతోనే ఏడాదిగా అలమారలో ఉంది. పారబోయడానికి చేతులు రాలేదు.

మొన్న మధ్యాహ్నం మేనకోడలు షాపుకి వచ్చింది.

"మావయ్యా, నాన్న కారు ఒక్కసారి ఆన్ చేస్తారా? అందులో ఉన్నది నాన్న పోసిందేనని అత్త చెప్పింది."

"పాతబడిపోయింది తల్లీ. కొత్తది పోస్తానుండు."

"కొత్తది నాకెందుకు మావయ్యా?"

 ఆ ఇంధనం చివరికొచ్చాక వచ్చే శబ్దం ఈ పిల్ల వింటుందే, అర్థమైపోతుందే అన్నదే ఆయన భయం. అయినా గొట్టాలు మార్చాడు, జిడ్డు కడిగాడు, కొత్త ప్లగ్గు బిగించాడు. చక్రాలు గాల్లో తిరిగేలా కారును దిమ్మ మీద పెట్టి తాడు లాగాడు. పదకొండోసారికి ఇంజను అంటుకుంది. ఇంధనంలో కలిపే ఆముదం వాసనతో నీలి పొగ షాపంతా కమ్మింది. బావమరిది చొక్కాల్లో ఎప్పుడూ ఉండే వాసన అది. ఆ పిల్ల పొగకు ఎదురుగా వెళ్లి నిలబడింది.

నాలుగు నిమిషాలకు గొట్టంలో మొదటి బుడగ కనిపించింది. మేస్త్రి రెండు వేళ్లు గొట్టం మీదకు వెళ్లాయి.

"ఏం చేస్తున్నారు?"

"గొట్టం నొక్కేస్తే ఆగుతుంది. లేకపోతే ఇంజను మాడిపోతుంది."

"మాడిపోనివ్వండి. ఆపకండి."

ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఇంజను గొంతు లేచింది. చక్రాలు కనపడనంత వేగంగా తిరిగాయి. ఆ పిల్ల కళ్లనిండా నీళ్లతో నవ్వింది.

"ఎంత బాగా అందుకుందో చూడండి మావయ్యా."

ఊరుకుంటే సరిపోయేది. ఊరుకోలేకపోయాడు.

"బాగా కాదు తల్లీ. అయిపోతోంది. అయిపోయేముందు ఇలాగే లేస్తుంది."

ఇంజను ఆగిపోయింది. ఆ పిల్ల నవ్వు కూడా ఆగింది. 

"ఆ రోజు ఫోన్లో మీ వెనకాల నాన్న నవ్వు వినపడింది. అంత గట్టిగా నవ్వగా నేనెప్పుడూ వినలేదు."

"అవును."

"మీకు తెలిసిన శబ్దమే కదా మావయ్యా."

"తెలిసిందే" అన్నాడు. ఏడాదిలో మొదటిసారి ఆ మాట నోరు దాటింది. "వాడు బతకాలని ఉండింది నాకు. అందుకని వేరేగా విన్నాను."

ఆమె ఫర్వాలేదనలేదు. లేచి వెళ్లిపోనూ లేదు. ఎత్తుపీట దగ్గరికి లాక్కుని, కారుకు అవతలి పక్క కూర్చుంది.