కిన్ఫె గురువు కలిపిన మూడో అర్థం

గొజ్జాం కొండల్లో చదువుకున్నవాళ్లంతా కిన్ఫె గురువంటే హడలిపోయేవారు. కిన్ఫె మాత్రం ఎప్పుడో చచ్చిపోయిన తన గురువంటే హడలిపోయేవాడు. పాత గ్రంథాల్లో అర్థం తేలని మాట వస్తే, పెద్దలు చెప్పిన అర్థాలన్నీ “ఇంకొకటేమంటే” అంటూ వరసగా అప్పజెప్పాలి. ఒకటి వదిలినా, ఒకటి కలిపినా నరకమే. ఒట్టు పెట్టించుకుని మరీ చదువు చెప్పాడా ముసలాయన.

ఆ ఏడు వానల్లో కిన్ఫె కూతురు అత్సెదె పుట్టింటికొచ్చింది. అక్కడ ఆడపిల్ల పుడితే ఎనభయ్యో రోజున బాప్తిస్మం. ఆ రోజు రాకముందే ఆమె పసిబిడ్డ పోయింది. అత్సెదె ఏడవలేదు. తడిక గోడకవతల ఇంజెర రొట్టెలు కాలుస్తూ నాన్న చెప్పే పాఠం వినేది, అంతే.

పాఠం నరకం సంగతుల దగ్గరికొచ్చింది. గొంతు నొప్పని కిన్ఫె ఒకటికి రెండుసార్లు తప్పించుకున్నాడు.

“సంతలో మేకల బేరానికి గొంతు బాగానే లేచిందే, గురువుగారూ,” అన్నాడొక శిష్యుడు.

“నోరు మూసుకుని చదవరా.”

శిష్యుడు చదివాడు. బాప్తిస్మం నీళ్లు తాకని పసివాళ్లను దేవదూత ఎత్తుకుపోయాడట. ఎక్కడికో గ్రంథం చెప్పదు.

కిన్ఫె తడిక వైపు చూశాడు. “చీకట్లోకి,” అన్నాడు. గోడకవతల పెనం మూత చప్పుడు ఆగింది. “ఇంకొకటేమంటే, వెలుగూ చీకటీ లేని చోటికి.”

పెద్దలిచ్చినవి ఆ రెండే. అక్కడితో ఆపెయ్యాలి. అవతల ఇంజెర మాడుతున్న వాసన వస్తోంది, తీసే దిక్కులేదు.

“ఇంకొకటేమంటే, మరియ తల్లి ఒళ్లోకి. పాలు మరవని బిడ్డలు గదా.”

శిష్యులు అలవాటు కొద్దీ అంతా ఒక్క గొంతుతో వల్లించారు. ఇక వెనక్కి తీసుకునేది లేదు. రేపు వీళ్ల శిష్యులూ ఇదే వల్లిస్తారు. ఒట్టు తప్పాను, నా పని అయిపోయిందనుకున్నాడు కిన్ఫె.

సాయంత్రం అత్సెదె కాఫీ తెచ్చింది. “నాన్నా, ఆ చివరిది నేనెప్పుడూ వినలేదే. మీ గురువుగారు చెప్పిందేనా?”

“ఆయన చెప్పకుండా నేనెక్కణ్ణుంచి తెస్తానే, పిచ్చిమొద్దూ?”

అప్పుడు ఏడ్చింది ఆ పిల్ల, కరువుతీరా.

ఆ తర్వాత బతికినన్నాళ్లూ కిన్ఫెకు కంటినిండా నిద్ర లేదు, నరకమంటే అంత భయం పట్టుకుంది. పోయేముందు పాపాలు ఒప్పించడానికి పూజారి వచ్చి మంచం పక్కన కూర్చుంటే, చిన్నప్పటి తేనె దొంగతనంతో సహా అన్నీ చెప్పుకున్నాడు. ఇదొక్కటీ చెప్పలేదు. చెబితే ఆ అర్థం కొట్టెయ్యమంటాడు.

“ఇంకేమన్నా ఉందా, కిన్ఫె?”

“లేదయ్యా,” అన్నాడు.