తలుపు బిగిసిన వేసవి

1931 ఫిబ్రవరి నెలాఖరున నన్ను విరుదునగరం నుంచి కోవిల్‌పట్టికి బదిలీ చేశారు. నా హోదా ఓవర్సియరు. మేస్త్రీలకు పైన, అసిస్టెంటు ఇంజినీరుకు కింద ఉండే పదవి అది. తిట్లు రెండు వైపుల నుంచీ వచ్చి పడే చోటు. రోడ్డుకు తోలిన కంకర కొలవడం, కల్వర్టుకు కలిపిన సున్నం పరీక్షించడం, బడి కప్పు కురిస్తే నిచ్చెన వేసుకుని ఎక్కి చూడడం మా పని. నా సర్వీసులో నేను కట్టించినవి చాలానే నిలిచాయి. నిలవని పని ఒకటి ఉంది. దాని గురించే రాస్తున్నాను.

మాది నాగలాపురం పక్క నల్లరేగడి పల్లె. ఇంట్లో తెలుగు, వీధిలో అరవం. మీరు ఇప్పుడు చదువుతున్న ఈ తెలుగు నేను ఉద్యోగంలో చేరాక పుస్తకాలు తెప్పించుకుని నేర్చుకున్నది. ఊరి సంగతి ఎందుకు ఎత్తానంటే, రేగడి నేల గుణం నాకు తెలియదని ఎవరూ అనుకోకూడదు. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నోళ్లు తెరుస్తుంది. మా అమ్మ అంట్లు కడిగిన నీళ్లు కూడా గోడ మొదట పోయనిచ్చేది కాదు.

విరుదునగరంలో నాకు ఒక పేరు వచ్చింది. అక్కడ ఒక మిరపకాయల వ్యాపారి మేడగది వేసవిలో నిప్పుల కుంపటిగా ఉండేది. మా వైపు మిద్దెలు టేకు దూలాల మీద ఇటుకలను నిలువుగా, ఏటవాలుగా పేర్చి, పైన సున్నం కలిపిన ఇటుక జల్లి వేసి, ఆడవాళ్లు కొయ్య పలకలతో రోజుల తరబడి కొట్టగా గట్టిపడేవి. వానకు బాగా ఆగుతాయి. ఎండను మాత్రం పగలంతా తాగి, చీకటి పడ్డాక లోపలికి కక్కుతాయి. నేను ఆ వ్యాపారి మిద్దె మీద చిన్న మట్టి చట్లను బోర్లించి, ఒకదాన్నొకటి తాకేలా పేర్పించి, సందుల్లో సున్నం నింపి, పైన పెంకు బిళ్లలు పరిపించాను. చట్టి లోపలి గాలి వేడిని కిందికి పోనివ్వదు. దాని మీద మధ్యాహ్నం వేలెడు లోతు నీళ్లు నిలిపితే గది నిజంగానే చల్లబడింది. ఆ మాట బజారంతా పాకింది. నేనూ నోరు కట్టుకోలేదు. చెప్పేవాడికి వినేవాడు లోకువ.

కోవిల్‌పట్టిలో చేరిన రెండో వారమే వెంకటసామి నాయకరు ఆఫీసుకు వచ్చారు. పత్తి పండించే ఆసామి, ఇంట్లో తెలుగు మాట్లాడే మా వాళ్లే. కుర్చీ చూపించినా కూర్చోలేదు. ఆయన భార్య గురవమ్మకు క్షయ అని డాక్టరు తేల్చారు. వంటింటి పొగకు దూరంగా, నాలుగు వైపులా కిటికీలున్న మేడగదిలో ఉంచమన్నారు. మాఘంలో బాగానే ఉంది, ఎండలు ముదిరే చిత్రి నెల వస్తే ఆ గదిలో మనిషి ఉండలేడు. చల్లగా ఉంచలేకపోతే కొండల దగ్గర శానిటోరియానికి పంపాల్సిందేనని డాక్టరు అన్నారట. ఆవిడ ససేమిరా అంది. పరాయి చోట మంచం మీద చావనని, చస్తే తన ఇంట్లోనే చస్తానని చెప్పిందట. నాయకరు అదంతా చెప్పి చివర ఒకే మాట అన్నారు.

"తమ్ముడూ, ఈ ఎండాకాలం దాటిస్తే చాలు. ఆపైన దేవుడుండాడు."

ప్రైవేటు పనులు చెయ్యడానికి మాకు అనుమతి ఉండదు. నేను అసిస్టెంటు ఇంజినీరుకు అర్జీ పెట్టుకున్నాను. పని వేళలు దాటాక, ప్రతిఫలం లేకుండా సలహా ఇవ్వవచ్చునని రాతపూర్వకంగా జవాబు వచ్చింది. ఆ కాగితం చూసి నేను మురిసిపోయాను. ఒక ప్రాణం నా చేతిలో పెట్టారని భయపడాల్సింది పోయి, నా విద్య చూపించే అవకాశం వచ్చిందనుకున్నాను.

ఆ ఊళ్లో మామూలుగా మిద్దె మీద తాటాకు పందిరి వేస్తారు. ఇక్కడ కుదరదన్నాను. ఇంటికి రెండు వీధుల అవతల పత్తి గింజలు తీసే మిల్లు, దాని గొట్టం నుంచి నిప్పురవ్వలు లేస్తాయి. అందుకని చట్లే ఖాయం చేశాను. ముందుగా దూలాల మందం, వాటి మధ్య దూరం కొలిచి, పెరిగే బరువును ఆపుతాయా అని లెక్క కట్టాను. ఆపుతాయి. ఆ లెక్క ఈనాటికీ తప్పు కాదు. పడమటి కిటికీకి వట్టివేళ్ల తడిక కట్టించాను. పిట్టగోడలకు గవ్వసున్నం రెండు పూతలు వేయించాను. పని జరిగిన మూడు వారాలూ గురవమ్మ కింది హాల్లో పడుకుంది.

మొదటిసారి నేను ఆవిడను చూసింది చట్లు ఎక్కించే రోజు. ముఖం పాలిపోయి, బుగ్గల మీద మాత్రం ఎరుపు. నోటికి మాత్రం జబ్బు రాలేదు. మెట్ల మీద బారులు తీరిన చట్లను చూసి నవ్వింది.

"ఇన్ని చట్లు నా నెత్తిమీద బోర్లిస్తా ఉండారే, నన్ను బతికించేదానికా, సాగనంపేదానికా తమ్ముడూ?"

నేను కూడా నవ్వి, అక్కా, వచ్చే ఏడు మీరే ఎక్కి సున్నం కొట్టిస్తారు చూడండి అన్నాను. అలాంటి మాట ఇవ్వడానికి నాకేం హక్కు ఉందో ఇప్పటికీ తెలియదు.

నీళ్ల సంగతి దగ్గరే అసలు కథ ఉంది. కోవిల్‌పట్టిలో నీళ్లకు ఎప్పుడూ కరువే. నాయకరు తోట బావి నుంచి పీపా కట్టిన ఎద్దుబండి మీద రోజూ నీళ్లు తెప్పించేవారు. పదకొండు గంటలకు మిద్దె తూముకు గుడ్డ, బంకమట్టి కుక్కి నీళ్లు నిలపాలి. నాలుగింటికి తూము తీసి వదలాలి. విరుదునగరంలో ఆ నీళ్లు వీధి కాలవలోకి పోయేవి, ఎవరూ పట్టించుకోలేదు. ఇక్కడ మొదటి రోజు తూము తీయగానే వీధిలో జనం ఆగి చూశారు. ఆ సాయంత్రం గురవమ్మ నన్ను పిలిపించింది.

"కొన్ని ఇళ్లల్లో తాగేదానికి లేదు, మనం వీధిలో పారబోస్తే పాపం గదా. పెరట్లో నా నిమ్మ చెట్టు ఎండతా ఉండాది. దానికి మళ్లించు."

ఆ నిమ్మ మొక్క నైరుతి మూల, గోడకు రెండడుగుల దూరంలో ఉంది. ఆవిడే నాటింది, మేడగది కిటికీ దగ్గరికి వస్తే కింద కనిపిస్తుంది. మరునాడే తూముకు తగరపు గొట్టం బిగించి, కొసను మొక్క పాదులోకి దింపించాను. పొదుపు, పుణ్యం రెండూ కలిసొచ్చాయని ఇంటిల్లిపాదీ సంతోషించారు. పుట్టినప్పటి నుంచీ గోడ మొదట నీళ్లు పోయకూడదని విన్నవాళ్లమే మేమంతా. నీటి చుక్క వృథా పోకూడదని కూడా అంతకంటే గట్టిగా విన్నాం. ఆ రెండో మాట మొదటి మాటను మింగేసింది. పైగా నాది మిద్దె పని. మిద్దె పని చేసేవాడు పునాది వైపు చూడడు.

నెలరోజులు అంతా బాగా సాగింది. పని మొదలెట్టక ముందు మధ్యాహ్నం మూడింటికి నిచ్చెన ఎక్కి కప్పుకు అరచెయ్యి ఆనిస్తే పది లెక్కపెట్టేలోపు తీసేయాల్సి వచ్చేది. ఇప్పుడు ఎంతసేపైనా ఆనించి ఉంచవచ్చు. గురవమ్మకు జ్వరం తగ్గుముఖం పట్టింది, గంజి బదులు అన్నం తింటోంది. డాక్టరు శానిటోరియం మాట ఎత్తడం మానేశారు. నిమ్మ మొక్క చిగురు పెట్టింది.

చిత్రి నెల సగంలో ఆవిడ నాతో తలుపు సంగతి చెప్పింది. మేడగది తలుపు దక్షిణపు గోడకు, నైరుతి మూలకు దగ్గరగా ఉంటుంది.

"తమ్ముడూ, ఈ తలుపు బిగిస్తా ఉండాది. పనిమనిషి భుజం పెట్టి తోస్తే గాని రాదు."

నేను వడ్రంగి ఆరుముగం ఆశారిని పంపి అంచు చిత్రిక పట్టించాను. వారానికి మళ్లీ బిగిసింది. మళ్లీ చిత్రిక. ఆశారి ఈసారి తల గోక్కుంటూ, అగ్ని నక్షత్రపు మండుటెండల్లో కొయ్య కుంచించుకుపోవాలి గాని ఉబ్బడమేమిటి సామీ అని అరవంలో అడిగాడు. మిద్దె మీద నీళ్లు నిలుపుతున్నాం కదా, ఆ చెమ్మ అన్నాను. వాడు మళ్లీ పనిలో పడ్డాడు. ఓవర్సియరు మాటకు ఆశారి ఎదురు చెప్పడు.

చెమ్మకు ఉబ్బిన తలుపు నిలువునా అంచు పొడవునా పట్టాలి. ఇది పైమూల ఒక్కచోటే పట్టేది. అంటే తలుపు కాదు, దాని చట్రం ఒరుగుతోంది. మొదటి సంవత్సరం ట్రైనింగులో చెప్పే పాఠం ఇది. నేను ఆ మూల చూశాను, చూసి కూడా మూడోసారి చిత్రిక పట్టమన్నాను. నా పని గెలిచిందని ఊరంతా అంటుంటే, అందులో లోపం వెతకడానికి నాకు మనసొప్పలేదు. నిజం ఇంతే, దీనికి వేరే సాకు లేదు.

మరుసటి నెల, వైకాసి మొదట్లో ఒక పొద్దున నాయకరు మనిషిని పంపారు. వెళ్లి చూస్తే నైరుతి మూల కిటికీ కింద నుంచి కప్పు వరకూ గోడ వాలుగా పగిలింది, వేలు దూరేంత సందు. నిచ్చెన వేసి చూశాను. ఒక దూలం కొస గోడలో అది కూర్చునే దిమ్మె మీద నుంచి సగం జారి ఉంది. అప్పుడు గాని నేను కిందికి దిగి గోడ చుట్టూ తిరగలేదు. నిమ్మ మొక్క దగ్గర గడ్డపార వేయించాను. మన్ను నల్లగా, మెత్తగా, జిగురుగా వచ్చింది. ఆ చోటంతా పైకి లేచి, గోడ మూలను తనతో ఎత్తేసింది. అక్కడికి పది అడుగుల అవతల అదే నేల పాదం దిగబడేంత పగుళ్లు విచ్చి ఉంది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. నేను రచ్చ గెలిచి, నేను పుట్టిన నేల మీదే ఓడాను.

దూలం జారిన గదిలో మనిషిని ఉంచకూడదన్నది నిబంధన. బడికైతే అక్కడికక్కడే తాళం వేయించేవాడిని. ఇక్కడ ఆ మాట నా నోటితో నాయకరుకు చెప్పాల్సి వచ్చింది. చెప్పాను. దూలం కింద ఆనుకుగా ముట్టుకర్రలు పెట్టించాను. ఆ సాయంత్రమే గురవమ్మను కుర్చీలో కూర్చోబెట్టి ఇరుకు మెట్ల మీదుగా నలుగురు కిందికి దింపారు. మెట్ల మలుపులో కుర్చీ ఆగినప్పుడు ఆవిడ నా వైపు చూసింది.

"తలుపు బిగిస్తా ఉండాదని చెప్పితినే తమ్ముడూ."

అందులో నిష్ఠూరం లేదు. తను ముందే కనిపెట్టానని చెప్పుకున్నట్టుంది, అంతే.

అప్పటికి పత్తి బేరాలు మొదలై కింది హాలు పగలంతా బేరగాళ్లతో నిండి ఉంటోంది. మిగిలింది వంటింటి పక్క గది ఒక్కటే. ఒకే కిటికీ, అదీ దొడ్డి వైపుకు. జ్వరం మళ్లీ పట్టుకుంది. శానిటోరియానికి ఉత్తరం రాశారు, మంచం దొరికిందని జవాబు కూడా వచ్చింది, ఆవిడ కదలనంది. చట్లు విప్పి, పునాది కింద తవ్వి కట్టి, గదిని మళ్లీ ఉండేలా చెయ్యాలంటే మూడు నెలలు పడుతుందని నేను అంచనా వేశాను. ఆవిడకు అంత గడువు లేదు. మరో రెండు నెలలకు, ఆడి నెల రెండో వారంలో పోయింది.

వేసవి దాటించమన్నారు నాయకరు. వేసవి దాటింది. ఆవిడ ఆ గదిలోనే ఉండి ఉంటే బతికేదా అని డాక్టరును ఒకసారి అడిగాను. చెప్పలేనన్నారు. ఆయన చెప్పలేనన్నది నేను చెప్పబోను. గాలి ఆడే గది ఆవిడకు దొరికింది, అది పోయింది నా వల్ల. అంతవరకు నాకు తెలుసు.

కర్మలు అయ్యాక నేను వెళ్లి నాయకరు ముందు తప్పు ఒప్పుకున్నాను. ఆయన నెమ్మదిగా, మా భూమి గుణం మాకు తెలవదా తమ్ముడూ, మేమూ చూస్తానే ఉంటిమి గదా అన్నారు. తిట్టి ఉంటే నాకు కొంత తేలిక అయ్యేది.

గొట్టం నేనే పీకించాను. నీళ్లు లేక నిమ్మ మొక్క ఎండిపోయింది. మరుసటి వేసవిలో ముట్టుకర్రలు తీయించి, దూలం సరిగ్గా కూర్చోబెట్టించడానికి మళ్లీ ఆ మేడ ఎక్కాను. కింద నేల పూర్తిగా ఆరి, గోడ మూల తన చోటికి దిగింది. పగులు గోరు పట్టనంత సన్నబడింది. తలుపు మూసి చూశాను. చట్రం నిలువుగా నిలబడింది, తలుపు మాత్రం దాన్ని అందుకోలేదు. పైమూల రెండు వేళ్ల సందు, అందులోంచి ఎండ గది మధ్యదాకా పడుతోంది. మూడుసార్లు నేను చెక్కించినదంతా ఆ సందులో ఉంది.

ఆ తర్వాత నా కింద పనిచేసిన ప్రతి మేస్త్రీకీ ఒక నియమం పెట్టాను. రేగడి నేల మీద కట్టిన ఇంట్లో ఎవరైనా తలుపు బిగిసిందంటే చిత్రిక తీయకూడదు. ముందు బయటికి వెళ్లి ఇంటి చుట్టూ ఒకసారి నడిచి, నీళ్లు ఎక్కడ పడుతున్నాయో చూసి రావాలి. ఆ మాట చెప్పింది ఎవరైనా సరే, మంచం మీద ఉన్నవాళ్లైనా సరే, వినాలి.