సున్నా తిప్పి చూసిన సెట్లు

శామీర్‌పేట చెరువు దాటాక ఎడమ చేతికి మట్టిబాట. బాట చివర నీలం గేటు. రిటైర్డు ఫౌజీలు నడిపే సెక్యూరిటీ కంపెనీ నన్ను ఆ గేటు మీద పెట్టింది. జూన్ నెల, సోమవారం, పొద్దున ఆరు. వానలు ఇంకా మొదలుకాలేదు. ఎర్ర దుమ్ము బూట్లలోకి పోతోంది. కిట్ అంటే ఖాకీ జత, ఈల, లాఠీ, నీళ్ల సీసా, సద్ది గిన్నె. ఆర్డరు ఒక్కటే: లోపలికి వచ్చేదైనా బయటికి పోయేదైనా చూడకుండా వదలొద్దు.

నేను ఫౌజీని కాదు, ఫౌజీ భార్యను. నా పెనిమిటి ఫౌజులో ఫోను తీగలు వేసే సిగ్నల్స్‌లో లైన్‌మన్. ఆయన పోయాక ఈ పని దొరికింది. ఆ గేటుకు ఆడమనిషే కావాలని ఇంటి సారు అడిగాడట. నాలుగు నెలలు పోస్టు కాశాను. పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఆరు.

లోపల ఒక ఇల్లు, ఒక రేకుల షెడ్డు. షెడ్డు నిండా పాత జర్మన్ ఫోన్లు. వేలు పెట్టి తిప్పే నల్ల ఫోన్లు. ఇంటి సారు వాటిని కొని, బాగుచేయించి, షోకుకు కొనేవాళ్లకు అమ్ముతాడు. గేటు దగ్గరా అలాంటిదే ఒకటి, గోడ పెట్టెకు తీగలు కట్టి ఉంది. మూడు తిప్పితే షెడ్డు, నాలుగు తిప్పితే ఇల్లు.

అసలు జర్మన్ సెట్టును ఎలా పట్టాలో మీకు చెప్తాను. అడుగున ముద్ర ఉంటుంది. అది చదువొచ్చినవాళ్ల సంగతి. నాకు సంతకమే సరిగా రాదు. నేను బొటనవేలితో పక్కన గట్టిగా రుద్దుతాను. వేడెక్కాక ఫినాయిల్ లాంటి ఘాటు వస్తే పాతది. తర్వాత సున్నా తిప్పుతాను. ఆపు దాకా లాగి వేలు తీసేయాలి. వెనక్కి నెట్టకూడదు, దానంతట అదే రావాలి. మంచి సెట్టు కట్ కట్ కట్ అని పది దెబ్బలు ఒక్క తీరుగా కొట్టి, ఒకటి అని లెక్కపెట్టేలోపు మొదటి చోటికి వచ్చేస్తుంది. పోస్టు చార్జి తీసుకునేటప్పుడు ఫోను తిప్పి, అవతలి మనిషి గొంతు వినకుండా సిగ్నల్స్‌వాళ్లు సంతకం పెట్టరట. మా ఆయన వంద సార్లు చెప్పిన మాట. గేటు దాటే ప్రతి సెట్టునూ నేను అలాగే చూశాను. వచ్చినదాని తీగలు గోడ పెట్టెలో పెట్టి, షెడ్డుకు తిప్పేదాన్ని.

బాగుచేసే మనిషి అబ్రహం. యాప్రాల్ నుంచి స్కూటరు మీద వచ్చేవాడు. సంచిలో సెట్టు పట్టుకుపోయి నాలుగైదు రోజులకు తెచ్చేవాడు. నాకు ఆయన మీద మొదటి నుంచీ అనుమానమే. సంచికి రెండు అరలు ఎందుకు? పోయేటప్పుడు సంచి బరువు ఎందుకు చూడనివ్వడు? మా కంపెనీ సూపర్‌వైజరుకు రెండుసార్లు చాడీ చెప్పాను. అబ్రహానికి తెలిసిపోయింది.

"ఏందక్కా, నన్ను దొంగను జూసినట్టు జూస్తవు?"

"మెకానిక్‌ను జూసినట్టే జూస్తున్న తమ్మీ. రెండు ఒక్క తీరే ఉంటయి."

నవ్వాడు. నేను నవ్వలేదు.

జూలైలో ఒక సెట్టు తెచ్చాడు. రిసీవరు చెవి దగ్గర గోరంత పెచ్చు లేచింది. రుద్దాను, ఘాటు వచ్చింది. సున్నా తిప్పాను, పది దెబ్బలూ సాఫు. తీగలు పెట్టి మూడు తిప్పాను. షెడ్డులో సూపర్‌వైజరు ఎత్తాడు.

"గేట్ నుంచి, సాబ్. మాట ఇనవడ్తాందా?"

"సాఫ్ ఇనవడ్తాంది. లైన్ ఓకే."

అదే సెట్టు ఆగస్టులో బయటికి పోవాలి. సన్న వాన. సారు అట్టపెట్టె తానే పట్టుకుని కారు దగ్గరికి వచ్చాడు. ఎప్పుడూ పనివాళ్లు మోసేవాళ్లు. చూడాలన్నాను. ఎందుకులే అన్నాడు. ఆర్డరు సార్ అన్నాను.

పెచ్చు ఉంది. బరువు సరిపోయింది. రుద్దాను. రంగు వాసన, బొటనవేలికి నల్లగా అంటింది. సున్నా తిప్పాను. సగం దాకా వచ్చి, ఇసుకలో కాలు దిగబడ్డట్టు ఆగింది. పెచ్చును మళ్లీ చూశాను. ఆకురాయితో అరగదీసిన గీతలు.

నా మనసులో ఒక్క పేరే మెదిలింది, అబ్రహం. ఆ రోజు షెడ్డులోనే ఉన్న సూపర్‌వైజరుకు మూడు తిప్పి చెప్పాను. "సాబ్, సెట్టు బదలయింది."

సారు కంగారు పడలేదు. అది మెకానిక్ పనే అన్నాడు. లోపలికి పోయి, గ్లాసెడు నీళ్లు తాగేంత సేపట్లో కాగితం తెచ్చాడు. టైపు కొట్టిన కాగితం. ఎప్పుడు కొట్టించాడు?

"ఇక్కడ వేలిముద్ర వెయ్యమ్మా. మీకేం ఇబ్బంది రాదు. పోలీసులతో నేను మాట్లాడతాను."

షెడ్డు నుంచి వచ్చిన సూపర్‌వైజరును చదవమన్నాను. జూలైలో అబ్రహం నకిలీ సెట్టు లోపలికి తెచ్చాడనీ, గేటు మీద నేను కళ్లారా చూశాననీ రాసి ఉంది. ముద్ర వేస్తే అబ్రహం జైలుకు, నేను ఇంటికి నిమ్మళంగా. వేయకపోతే నింద నా మీదికే, గేటు మీద ఉన్నది నేనే. మొదటి నుంచీ అతన్ని దొంగ అన్నదీ నేనే. సారు గేటు గది బల్ల మీద ఇంకుడబ్బా మూత తీసి పెట్టాడు.

సూపర్‌వైజరు వైపు తిరిగాను.

"సాబ్, ఆయన తెచ్చిన దినం గా సెట్టుల నేను మాట్లాడిన. ఎత్తింది మీరే. లైన్ ఓకే అన్నది మీరే. మల్ల గప్పుడు అసలుదే గదా లోపలికి వచ్చింది?"

వాన రేకుల మీద పడుతోంది. ఆయన జేబులోంచి చాకు తీసి, సెట్టు బోర్లించి, అడుగు మరలు విప్పాడు. సారు వద్దన్నాడు. ఆయన ఆపలేదు.

లోపల గంటలు లేవు. తీగ చుట్ట లేదు. కూరగాయలు తూచే ఇనుప బాటు ఒకటి, జిగురు పెట్టి అతికించి ఉంది. అసలుది తన దగ్గరే ఉంచుకుని, కొన్నవాళ్లకు ఇది అంటగట్టి, నేరం అబ్రహం మీద తోసేయాలన్నది సారు ఎత్తు.

సూపర్‌వైజరు కాగితం మడిచి తన జేబులో పెట్టుకున్నాడు. సెప్టెంబరు చివర కంపెనీ ఆ పోస్టు ఎత్తేసింది. అబ్రహం పేరు ఎక్కడా ఎక్కలేదు. ఆయన యాప్రాల్లో ఎక్కడ ఉంటాడో కనుక్కున్నాను గానీ, పోయి ఒక మాట అనడానికి నాకు ముఖం చెల్లలేదు. సామాను సర్దుకుని బస్సెక్కి మేడ్చల్‌లో దిగాను.

ఇన్నాళ్లయినా కళ్ల ముందు నుంచి పోనిది ఒకటుంది. ఫోను కడుపు తెరిచి బల్ల మీద ఉంది. మేమిద్దరం ఇనుప బాటును చూస్తున్నాం. సారు దాన్ని చూడటం లేదు. చదువురాని ఆడదని ఏరికోరి గేటు మీద పెట్టుకున్న మనిషి, నల్ల రంగు అంటిన నా బొటనవేలిని చూస్తున్నాడు.